వీణ పద్దు, కారు పద్దు: ఈ ఏడాది లెక్కలు

ఇంటి ఖర్చుల పుస్తకంలో వీణకూ కారుకూ చెరొక పుట కేటాయించి రాసుకోవడం మొదలుపెట్టినప్పుడు నా ఉద్దేశం చాలా చిన్నది. "ఆ వాద్యం మీద ఇంత తగలేయాలా?" అని ఇంట్లో తరచూ వినిపించే ప్రశ్నకు అంకెల్లో ఒక జవాబు ఉంటే మంచిదనుకున్నాను, అంతే. ఇప్పుడు ఆ రెండు పుటలూ పక్కపక్కన పెట్టుకుంటే, అదే ప్రశ్న కారు గురించి ఎవరూ ఎందుకు అడగరని అడగాలనిపిస్తోంది. సాధన విషయానికి వస్తే గీతాలు, స్వరజతులు దాటి మోహన రాగంలో ఆదితాళ వర్ణం (గీతాల తర్వాత నేర్పే, వాటికంటే కష్టమైన రచన) రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, వాయించే దశకు వచ్చాను. రెండో కాలంలో చరణ స్వరాల దగ్గర ఎడమచేయి ఇంకా వెనకబడుతూనే ఉంది.

ముందుగా పెట్టుబడి సంగతి. వీణను బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో, ఒకే పనస దుంగను తొలిచి చేసే కుటుంబం వద్ద, 42,000 రూపాయలకు తీసుకున్నాను. చేత్తో చేసిన దేశీయ వాద్యాల జాబితాలో వీణ ఉంది కనుక దానిపై జీఎస్టీ పడలేదు. శ్రుతిపెట్టె, నాదాన్ని స్పీకరుకు పంపడానికి వీణకు అంటించే పికప్, మెత్తటి సంచి కలిపి మరో 10,500 అయ్యాయి. కారు 1,197 సీసీ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. 2022 చివర్లో హైదరాబాదులో కొన్నప్పుడు షోరూం ధర 6,40,000. దానిపై 14 శాతం చొప్పున లైఫ్ ట్యాక్సే 89,600 కట్టాను. అంటే బండి ఇంకా రోడ్డెక్కకముందే రవాణా శాఖకు చెల్లించిన సొమ్ముతో నా సంగీత సామగ్రి మొత్తం కొని, మిగిలినదానితో ఒక ఏడాది గురుదక్షిణ కూడా ఇచ్చి ఉండవచ్చు. విచిత్రం ఏమిటంటే ఆ 89,600 గురించి ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు.

తరుగుదల లెక్క మరీ కఠినం. బీమాలో కారు విలువను కట్టే పట్టిక ప్రకారం మూడేళ్లు నిండి నాలుగో ఏడు నడుస్తున్న బండికి 40 శాతం తీసివేస్తారు కనుక నా కారు విలువ కాగితం మీద 3,84,000కు దిగింది. పోయిన 2,56,000ను మూడేళ్లకు పంచితే ఏడాదికి సుమారు 85,000. దీనికి తోడు 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది; కొత్తదే చవక అయినప్పుడు పాతదాన్ని అడిగేవాడు ఇంకా దించి అడగడం సహజం. వీణ విషయంలో అలాంటి పట్టిక ఏదీ లేదు. పనస చెక్క ఏళ్లు గడిచేకొద్దీ ఆరి నాదం తేటపడుతుందని వాయించేవారు నమ్ముతారు, నేనూ నమ్ముతాను. అయితే అమ్మబోతే కొనేవారు దొరకడం కష్టం కాబట్టి దాన్ని ఆస్తి కింద రాసుకోవడం ఆత్మవంచనే అవుతుంది. నా పుస్తకంలో దాన్ని మళ్లీ అమ్మితే వచ్చే విలువ సున్నా అనే వేసుకున్నాను.

ఈ ఏడాది కారు నిర్వహణకు బీమా 11,800 (అందులో థర్డ్ పార్టీ వాటా 3,416), సర్వీసింగు 9,200, పెట్రోలు నెలకు ఆరు వేల చొప్పున 72,000 అయ్యాయి. వీణకు గురువుగారి దక్షిణ 24,000, తీగలు 1,800, మేళం కట్టించడానికి, అంటే మెట్లను మైనంలో మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టించడానికి, 6,500. ఈ చివరి ఖర్చు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వీణ కొనేవారిలో చాలామంది దీన్ని లెక్కలో వేసుకోరు.

వీణ మెట్లు, అంటే స్వరాల కోసం తీగను నొక్కే అడ్డపట్టీలు, ఇరవై నాలుగూ దండికి (వీణ పొడవాటి మెడ భాగానికి) మేకులతో బిగించినవి కావు. నల్లని పొడి కలిపిన మైనంలో కూర్చోబెట్టినవి. కొన్నేళ్లకు మైనం కుంగుతుంది, తీగ రాపిడికి మెట్లపై గాట్లు పడతాయి, స్వరం పక్కకు జరుగుతుంది. మేళం కట్టే పెద్దాయన పాత మైనాన్ని కత్తితో గీకి, కరిగించి, కొత్తది కలిపి, దండి రెండు అంచుల మీదా కట్టల్లా పేర్చి వేళ్లతో నొక్కారు. గాట్లు పడిన మెట్లను ఆకురాయితో సాపు చేశారు. ఆ తర్వాత ఒక్కొక్క మెట్టును వేడి మైనంలో దించి, తీగ మీటి, చెవి ఒగ్గి విని, బొటనవేలితో వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటారు. పన్నెండో మెట్టు మీది తారషడ్జం (పై స్థాయి 'స') మెట్టు నొక్కకుండా మీటిన సారణి తీగతో, అంటే మొదటి వాయించే తీగతో, కలిసేదాకా ఆయన తల ఎత్తలేదు. శ్రుతి చూపే యాప్ నా ఫోనులో ఉన్నా బయటికి తీసే ధైర్యం చేయలేదు. డబ్బు అందుకుంటూ ఆయన చెప్పింది ఒకటే: "ఎండలో అద్దాలు మూసిన కారులో మాత్రం ఉంచకండి సార్, మైనం ఎవరి మాటా వినదు."

ఆ మార్పు సాధనలో వెంటనే తెలిసింది. నాలుగో మెట్టు మీది అంతర గాంధారానికీ ('గ' స్వరంలో ఒక రకం) పదహారో మెట్టు మీది దానికీ మునుపు పొత్తు కుదిరేది కాదు. మోహనంలో గాంధారం జీవస్వరం, అంటే రాగానికి ప్రాణమైన స్వరం, కనుక లోపం ప్రతి ఆవర్తంలోనూ (తాళం ఒక చుట్టులోనూ) బయటపడేది. ఇప్పుడు పై స్థాయిలో తప్పు పలికితే అది నా వేలిదేనని నిశ్చయంగా తెలుస్తోంది. తీగల విషయంలో సారణికి 30 గేజి (తీగ మందం కొలత), దాని పక్కనున్న పంచమం తీగకు 28 గేజి ఉక్కు తీగలు వాడుతున్నాను. సారణిని వాయించడం అయిన వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే తుప్పు ఆలస్యంగా పడుతోంది. వేళ్లకు రాసుకునే కొబ్బరినూనె మోతాదు మించితే మాత్రం మెట్ల మీద జిడ్డు పేరుకుంటుంది.

కొననివాటి సంగతీ రాయాలి. తోటి విద్యార్థులు సౌండ్ కార్డు, కండెన్సర్ మైకు తీసుకోమని సలహా ఇచ్చారు. రెండూ కలిపి 20,000 దాటుతాయి. నెలకొకసారి ఫోనులో రికార్డు చేసుకుని వింటే లయ ఎక్కడ పరుగెత్తుతోందో స్పష్టంగానే వినపడుతోంది కనుక ఆ సొమ్మును అదనపు పాఠాలకు మళ్లించాను. చేయి కుదరనివారికి ఖరీదైన మైకు చేసే మేలు నాకు కనిపించలేదు.

ఒక పద్దు దగ్గర మాత్రం రెండు పుటలూ కలిసిపోయాయి. నాలుగడుగులు దాటే వాద్యాన్ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని కూకట్‌పల్లి నుంచి మారేడుపల్లికి తీసుకువెళ్లడం జరిగే పని కాదు. వెనక సీటు మడిచి, దుప్పటి పరిచి, వీణను వాలుగా పడుకోబెడితే హ్యాచ్‌బ్యాక్‌లో సరిపోతుంది. వేసవిలో మాత్రం ఏసీ వేసి బండి చల్లబడ్డాకే లోపల పెడతాను. ఆ పెట్రోలును వీణ పుటలో వేయాలని మా ఆవిడ వాదన. ఏడాదికి తొమ్మిది వేలు అటు మార్చాను, అయినా వీణ పుట మొత్తం కారు పుటలో సగానికి రాలేదు.

రాబోయే ఖర్చులు రెండు: కారుకు నాలుగు టైర్లు, వీణకు గట్టి ఫైబరు పెట్టె. వానలకు ముందే టైర్లు మార్చక తప్పదు. పెట్టె దసరా తర్వాత. అప్పటిదాకా మెత్తటి సంచితోనే సర్దుకుని, వర్ణం మూడో కాలం మొదలుపెట్టమని గురువుగారిని అడుగుతాను.