కుండలీకరణంలో దొరికిన చోటు

జపనీయ భాష నేర్పేటప్పుడు బంధువాచకాల పాఠం దగ్గర మన విద్యార్థులు కాస్త ఊపిరి పీల్చుకుంటారు. అన్నకు 'అని', తమ్ముడికి 'ఒతోతో', అక్కకు 'అనె', చెల్లెలికి 'ఇమోతో' అంటూ నాలుగు వేరువేరు మాటలున్నాయని చెప్పగానే, ఇంగ్లీషులోలాగా పెద్దా చిన్నా తేడా కోసం మరో మాట తగిలించనక్కరలేదని వారికి తెలిసిపోతుంది. ('అన్న'కూ 'అని'కీ ఉన్న పోలిక చూసి రెండు భాషలకు చుట్టరికం కలిపే ఉత్సాహవంతులు ప్రతి తరగతిలోనూ ఒకరైనా ఉంటారు; వారిని నెమ్మదిగా కూర్చోబెట్టాలి.) అదే తేడాను జపాను బధిరులు ఒక్క వేలితో చూపుతారన్న సంగతి మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నడిమి వేలిని నిలిపి పైకి లేపితే అన్న, కిందికి దించితే తమ్ముడు. చిటికెన వేలైతే అక్క, చెల్లెలు. ఆ సంజ్ఞలో నడిమి వేలు తిట్టు కాదు.

నన్ను ఈ దారి పట్టించినది మానవశాస్త్రవేత్త కారెన్ నకమురా పరిశోధన. యేల్ విశ్వవిద్యాలయంలో 2001లో డాక్టరేటు పొంది, మకాలెస్టర్ కళాశాలలోనూ యేల్‌లోనూ బోధించి, తరువాత బర్కిలీలో వైకల్య అధ్యయన పీఠాన్ని అధిష్ఠించిన ఈ పండితురాలు, జపాను బధిరుల సంజ్ఞా భాష గురించీ అస్తిత్వ రాజకీయాల గురించీ రాసిన గ్రంథం 2006లో వెలువడింది. ఆ తరువాత నకమురా దృష్టి హొక్కాయిదోలోని ఉరకావా పట్టణంలో మానసిక రోగులు కలిసి బతికే ఒక సమాజం మీదికి మళ్లింది. నా ఆసక్తి మాత్రం మొదటి గ్రంథం దగ్గరే ఆగిపోయింది.

జపనీయం వచ్చినవారికి ఈ సంజ్ఞలు మొదట తేలికగానే కనిపిస్తాయి. ససాకి అనే ఇంటిపేరుకు వీపు మీది కత్తి దూస్తున్నట్టు చెయ్యి చూపుతారు. పాతకాలపు ఖడ్గవీరుడు ససాకి కొజిరో అందరికీ తెలిసినవాడు కనుక. సాతో అన్న పేరు చక్కెర అనే మాటలా వినిపిస్తుంది కనుక నోటి దగ్గర తీపి సంజ్ఞ చేస్తారు. ఇవి చూసి, సంజ్ఞా భాష అంటే చేతులతో మాట్లాడే జపనీయమే కాబోలని నేనూ అనుకున్నాను. అది పొరపాటు. నోటితో జపనీయం పలుకుతూ అదే వరుసలో సంజ్ఞలు పేర్చే పద్ధతి ఒకటి ఉన్నమాట నిజమే కానీ, కనుబొమలనూ తల ఊపునూ వ్యాకరణంగా వాడుకునే జపాను సంజ్ఞా భాష దానికి పూర్తిగా వేరు.

ఈ భాష పెరిగింది బధిర పాఠశాలల్లో. మొదటిది 1878లో క్యోతోలో వెలిసింది. ఇరవయ్యో శతాబ్దంలో పెదవుల కదలిక చూసి మాట పోల్చుకోవడమే చదువన్న వాదం గట్టిపడింది. 1933లో విద్యామంత్రి హతోయామా ఇచిరో సైతం దానికే వత్తాసు పలికాడు. ఒసాకా బధిర పాఠశాల ప్రధానాచార్యుడు తకహాషి కియోషి వంటి కొద్దిమందే సంజ్ఞల పక్షాన నిలబడ్డారు. బధిర బాలలకు చదువు నిర్బంధమైనది 1948 నుంచే.

నకమురా గ్రంథానికి బలం ఈ చరిత్రను తరాలవారీగా, మనుషుల జీవితకథల ద్వారా చూపడంలో ఉంది. యుద్ధానికి ముందు బడి ముఖమే సరిగా చూడనివారు, యుద్ధం తరువాత బధిర పాఠశాలల్లో కలిసి పెరిగి ఉద్యమం నడిపినవారు, వినగలిగే పిల్లల బడుల్లో ఒంటరిగా చదివి పెద్దయ్యాకే సంజ్ఞలు నేర్చినవారు: వీరందరినీ బధిరులు అన్న ఒక్క మాట కింద చేర్చడం ఎంత కష్టమో చదివేకొద్దీ తెలుస్తుంది.

ఈ నేపథ్యంలోనే 1995లో బధిరురాలైన కిమురా హరుమి, సంజ్ఞా భాషా పరిశోధకుడు ఇచిదా యసుహిరో కలిసి, బధిరులంటే జపనీయం కాని మరో భాష మాట్లాడే భాషాపరమైన అల్పసంఖ్యాకులని ప్రకటించారు. వినడానికి ఎంతో ఠీవిగా ఉన్న ఆ నిర్వచనం, నడి వయసులో వినికిడి పోయినవారినీ, జపనీయ వరుసలో సంజ్ఞలు చేసేవారినీ గుమ్మం బయటే నిలబెట్టింది. 1947లో ఏర్పడిన అఖిల జపాను బధిర సమాఖ్య మాత్రం వైకల్య సంక్షేమ చట్టాల దారిలోనే దుబాసీల సేవలనూ హక్కులనూ ఒక్కొక్కటిగా సాధించుకుంటూ వచ్చింది. ఈ రెండో దారిని వెనకబాటుగా కాక, ఆలోచించి ఎంచుకున్న రాజకీయ వ్యూహంగా నకమురా చదివిన తీరు నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. నా మనసు మొదట ప్రకటన వైపే మొగ్గిందని ఒప్పుకోవాలి. భాష నేర్పేవాడికి భాష పేరుతో చేసే వాదం సహజంగానే రుచిస్తుంది.

అయితే చట్టంలో సంజ్ఞకు భాషగా చోటు దొరికింది సమాఖ్య నడిచిన దారిలోనే. 2011లో సవరించిన వికలాంగుల మౌలిక చట్టంలో, భావాలు తెలుపుకొనే సాధనాలను ఎంచుకునే అవకాశం గురించి చెప్పే మూడో అధికరణంలో 'భాష' అన్న మాట పక్కనే, కుండలీకరణంలో, 'సంజ్ఞా భాషతో సహా' అని చేర్చారు. జపనీయంలో చూస్తే అది 'షువ వొ ఫుకుము' అన్న చిన్న పదబంధం. మా పై తరగతి విద్యార్థుల చేత ఇప్పుడు ఆ వాక్యాన్ని కుండలీకరణంతో సహా చదివిస్తున్నాను.