కట్టప్ప పెండ్లాం సంగతి ఎవరూ అడగలేదు

ఫాంటసీ కథల మీద మాట్లాడుకునేటప్పుడు నాకు అస్సలు మింగుడుపడని మాట ఒకటుంది. "ఆ కాలంలో అంతే, ఇప్పటి లెక్కలు పెట్టి చూడకూడదు" అని. ఏ కాలం స్వామీ? వేమన గురించో, గండికోట ఏలిన పెమ్మసాని నాయకుల గురించో ఆ మాటంటే ఒప్పుకుంటా. వాళ్లు నిజంగా ఆ కాలంలో పుట్టి ఆ కాలంలోనే పోయినవాళ్లు, మనకు తెలిసినవన్నీ వాళ్లకు తెలిసే దారి లేదు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' కథ జరిగే వెస్టెరోస్‌కు ఏ కాలముంది? జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ కూర్చుని కల్పించుకున్న లోకం అది, మొదటి పుస్తకం వచ్చింది 1996లో. బాహుబలి సినిమాలోని మాహిష్మతి రాజ్యాన్ని మనవాళ్లే అల్లుకుని 2015లో తెర మీదికి తెచ్చారు. డ్రాగన్లను పెట్టాలా వద్దా అన్నది రాసేవాడి ఇష్టమైనప్పుడు బానిసలను పెట్టాలా వద్దా అన్నదీ ఆయన ఇష్టమే కదా. పెట్టినాడంటే చదివి నోరు మూసుకొమ్మని కాదు, ఏదో ఒకటి అనుకుంటారనే పెట్టినాడు.

ఇప్పటి కొలత పెడితే పాత్రలన్నీ దోషులుగానే తేలుతాయని ఇంకో భయం. అదీ నిజం కాదు. మార్టిన్ కథలోని జేమీ లానిస్టర్‌నే తీసుకోండి. రాజును కాపాడతానని ప్రమాణం చేసిన అంగరక్షకుడు, ఆ రాజునే పొడిచి చంపినాడు. అప్పటి నుంచి ఎక్కడికి పోయినా "రాజును చంపినోడు" అనే పిలుపే, ఎవరికీ వాడి మాట మీద నమ్మకం లేదు. ఎందుకు చంపినాడో మూడో పుస్తకంలో స్నానాల గదిలో బ్రియెన్ అనే యోధురాలు ఒక్కదానికి చెప్తాడు: ఊరి కింద అక్కడక్కడా వైల్డ్‌ఫైర్ అనే భగ్గున మండే ద్రవం దాచిపెట్టి, శత్రువుకు దక్కేకంటే నగరం మొత్తం జనంతో సహా బూడిదైపోనీ అని ఆ పిచ్చిరాజు హుకుం ఇచ్చినాడు కాబట్టి. వాళ్ల లెక్కలో ప్రమాణం తప్పి రాజును చంపడం మహాపాపం. మన లెక్కలో అదే వాడు చేసిన మంచి పని. అంటే ఇక్కడ ఇప్పటి కొలతే వాణ్ణి బయట పడేస్తోంది! ఇక తన రహస్యం బయటపడుతుందని చిన్న పిల్లాణ్ణి కిటికీలోంచి తోసేశాడే, అది వాళ్ల లెక్కలోనూ తప్పే, మన లెక్కలోనూ తప్పే, దానికి మంచీ చెడ్డా కలిసిన "గ్రే" అని పేరు పెట్టి పలచన చేయాల్సిన పనేమీ లేదు.

కట్టప్పది సరిగ్గా దీనికి ఎదురు కథ. ఒకడు మాట తప్పి ఊరిని కాపాడి తిట్లు తిన్నాడు, ఇంకొకడు మాట నిలబెట్టుకుని తన చేతుల్లో పెరిగిన మంచివాణ్ణి వెనకనుంచి పొడిచి మన కన్నీళ్లు సంపాదించుకున్నాడు. ఎందుకు చంపాడని దేశమంతా రెండేళ్లు తలలు బద్దలు కొట్టుకుంది. జవాబు వచ్చింది, నువ్వు చంపకపోతే నేనే చంపుతానని శివగామి అన్నది, తల్లి చేతికి ఆ రక్తం అంటకూడదని కట్టప్ప చంపినాడు. ఆ క్షణాన్ని నేను అర్థం చేసుకోగలను. అర్థం కానిది ఆ తర్వాతి పాతికేళ్లు. భల్లాలదేవుడి కుట్ర అని తెలుసు, దేవసేన సంకెళ్లతో కళ్ల ముందే పుల్లలు ఏరుకుంటోంది, అయినా అదే సింహాసనానికి కత్తి పట్టుకుని కాపలా. తాతముత్తాతలు ఇచ్చిన మాటట! దీన్ని విశ్వాసం అంటే నాకు ఒళ్లు మండుతుంది.

మండడానికి కారణం మా ఊరే అనుకోండి. కళ్యాణదుర్గం వైపు మా పల్లెలో ఆ సినిమా టీవీలో వేసినప్పుడు నేను వరసకు అవ్వయ్యే ఒకామె ఇంట్లో ఉన్నా. ముంగారు వానలకు ముందు, విత్తనానికి శెనక్కాయలు వలిచే రోజులు. చాట ఒళ్లో పెట్టుకుని, గింజ పప్పు చీలకుండా బొటనవేలితో కాయను నొక్కుతా, టీవీ వైపు సగం చూస్తా ఉంది. ఆమె మొగుడు వయసులో ఉన్నప్పుడు ఒక పెద్దమనిషి వెంట తిరిగినాడు, ఫ్యాక్షన్ కేసులో ఏండ్లకేండ్లు కడప సెంట్రల్ జైల్లో ఉండి వచ్చినాడు. ఇప్పటికీ ఆ పెద్దమనిషిని ఒక్క మాట అననివ్వడు, "ఉప్పు తిన్యాం కదప్పా" అంటాడు. కట్టప్ప కత్తి దించినప్పుడు పిల్లలంతా ఏడుస్తుంటే ఈయన తల ఊపుతున్నాడు, శభాష్ అన్నట్టు. అవ్వ మాత్రం చాటలోంచి తల ఎత్తకుండా, "అందరూ వానికోసం ఏడుస్తాండారే, వానికి పెండ్లాం బిడ్డలు లేరా? వాళ్లేమైనారో ఎవురన్నా అడిగినారా?" అనింది. ఎవరూ జవాబు చెప్పలేదు, ఆయన వక్కాకు సంచి వెతుక్కుంటూ బయటికి పోయినాడు.

ఆమె ఏ మానవ హక్కుల పుస్తకమూ చదవలేదు, సంతకం కూడా రాదు. మనం "ఇప్పటి కొలత" అంటున్నది ఆమె దగ్గర ఎప్పటి నుంచో ఉంది, అడిగినవాడు లేడంతే. ఏ కాలానిదైనా "అప్పటి నీతి" అని మనకు చేరేది సింహాసనం పక్కన నిలబడినవాళ్ల నీతే.

భేతాళుడి కథల్లో వీరవరుడిది గుర్తుందా? శూద్రకుడనే రాజు ప్రాణం నిలవాలంటే చండికకు బలి కావాలని తెలిసి ఆ సేవకుడు సొంత కొడుకు తల నరుకుతాడు. కూతురు ఏడ్చి ఏడ్చి చచ్చిపోతుంది, భార్య నిప్పుల్లో దూకుతుంది, ఇక తను మాత్రం ఎందుకని వాడూ తల తెగ్గోసుకుంటాడు. చాటుగా ఇదంతా చూసిన రాజు తనూ చావబోతే దేవత అడ్డుపడి అందరినీ బతికిస్తుంది. వీళ్లలో ఎవరు గొప్ప అని భేతాళుడు అడిగితే విక్రమార్కుడు తడుముకోకుండా రాజే అంటాడు, సేవకుడు చావడం వాడి ధర్మం, సేవకుడి కోసం చావబోవడం రాజుకు అవసరం లేదు కాబట్టి అని. చిన్నప్పుడు ఆహా అనుకున్నా. ఇప్పుడు చదివితే భేతాళుడి ప్రశ్నే సగం అనిపిస్తుంది, ఆ పెండ్లాం బిడ్డల మాట ఎవరడిగారు, అయినా కథ మీద ఇష్టం తగ్గలేదు. ఇంకో విషయం, గేమ్ ఆఫ్ థ్రోన్స్ టీవీ సీరియల్లో రాజు కావాలనుకునే స్టానిస్ సింహాసనం కోసం కూతురు షిరీన్‌ను మంటల్లో వేసినప్పుడు అందరూ ఛీ అన్నారు. అడ్డం పడి బతికించే దేవత అక్కడ లేదు, అంతే తేడా.

ఇంత చెప్పి నేను ఇరుక్కునే చోటూ ఉంది. అదే కథలోని డ్రాగన్ల రాణి డెనెరిస్. మీరీన్ అనే ఊరి బానిస యజమానులు 163 మంది బానిస పిల్లలను దారి పొడుగునా కొయ్యలకు మేకులు కొట్టి చంపితే, ఊరు గెలిచాక ఆమె 163 మంది యజమానులను అట్లే చంపించింది. నా లెక్క ప్రకారం ఆ పిల్లల పక్షాన నిలబడినది ఆమె ఒక్కతే, చప్పట్లు కొట్టాలి. కొట్టినా కూడా. తర్వాత అట్లా చచ్చిన ఒక యజమాని కొడుకు హిజ్దార్ వచ్చి, మా నాయన ఆ పిల్లలను చంపొద్దని ఎదురు చెప్పినాడు, ఆయన్నూ మేకులు కొట్టించావు, కనీసం శవాన్ని పూడ్చుకోనీ అంటాడు. ఆమె ఎవరు ఎదురు చెప్పారో అడగలేదు, తలలు లెక్క పెట్టుకుందంతే. ఈ సీన్ దగ్గర నా మేనల్లుడు ప్రతిసారీ పాజ్ నొక్కి, "ఇప్పుడు చెప్పు మామా" అంటాడు. నేను ఇంకా ఆమె పక్షమే, కానీ ఆ ముసలాయన విషయంలో వాడికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.