టైర్లు కొట్టిన పద్నాలుగు నెలలు: లారీ డ్రైవర్‌గా నా అనుభవం

ఇంటర్ రెండోసారి తప్పాక మా నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. చిలకలూరిపేటలో లారీ నడిపే మా బాబాయి దగ్గరికి తీసుకెళ్లి, "వీణ్ణి నీ బండి మీద పెట్టుకో" అన్నాడంతే. 2016 వేసవి అది. వారం తిరిగేసరికి స్టీరింగ్ నా చేతికొస్తుందని నేను కలలు కంటున్నాను. బాబాయి నా చేతికి ఒక ఇనప రాడ్డు ఇచ్చి, "పోయి టైర్లు కొట్టిరా" అన్నాడు.

పది టైర్ల బండి. ముందు రెండు, వెనక ఎనిమిది. గాలి సరిపడా ఉన్న టైరును కొడితే రాడ్డు ఎగిరి వెనక్కొస్తుంది, మోత గట్టిగా ఉంటుంది. గాలి దిగినదైతే దబ్బుమని చచ్చిన చప్పుడు. జంట టైర్లలో లోపలిది పంచరైతే కంటికి ఆనదు. బయటిది ఒక్కటే బరువంతా మోసి మోసి, వేడెక్కి, చివరికి అదీ పేలుతుంది. రెండింటి మధ్య రాయి ఇరుక్కుందా అని కూడా చూడాలి. ఆగిన ప్రతిచోటా చక్రం మధ్య హబ్బుకి దగ్గరగా చెయ్యి పెట్టి వేడి చూడమనేవాడు బాబాయి. అన్నిటికంటే ఒకటి ఎక్కువ కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంటుంది, లేదా బేరింగు పోతూ ఉంటుంది. పద్నాలుగు నెలలు ఇదే నా పని. ఇప్పుడు ఎవరైనా కుర్రాడు "అన్నా, లారీ ఫీల్డులోకి రావాలంటే ఏం చెయ్యాలి" అని అడిగితే, ముందు క్లీనర్‌గా ఎక్కమంటాను. ముఖం మాడ్చుకుంటారు. డ్రైవింగ్ స్కూల్లో నెల రోజులు నేర్చుకుని నేరుగా సీట్లో కూర్చోవాలని వాళ్ల ఆశ.

లైసెన్సు సంగతి త్వరగా చెప్పేస్తాను, అందులో పెద్ద కష్టమేమీ లేదు. మొదట కారు లైసెన్సు, అంటే ఎల్‌ఎంవీ తీసుకోవాలి. అది చేతికొచ్చి ఏడాది నిండాకే హెవీకి, అంటే పెద్ద బండ్లకి, ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునే లైసెన్సు) ఇస్తారు. వయసు 20 దాటి ఉండాలి. డాక్టరు సంతకంతో ఫారం 1ఏ, డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 తప్పనిసరి. ఆ తర్వాత బ్రేకు ఇన్‌స్పెక్టర్ ముందు బండి నడిపి చూపించాలి. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనను 2019లో తీసేశారు. మూడేళ్లకోసారి చేయించాల్సిన రెన్యువల్‌ను అప్పుడే అయిదేళ్లకు పెంచారు. 7,500 కిలోల లోపు బండ్లను మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఈలోపు చిన్న గూడ్స్ బండి మీద చెయ్యి తిప్పుకోవచ్చు. పెట్రోలు, గ్యాస్ ట్యాంకర్లకి మాత్రం విడిగా ట్రైనింగ్ తీసుకుని లైసెన్సులో రాయించుకోవాలి.

నేను మొదట దెబ్బతిన్నది స్టీరింగ్ దగ్గర కాదు, లోడు మీద కప్పే పట్టా దగ్గర. తెనాలిలో బియ్యం ఎత్తాం. వాన పడేటట్టుందని పట్టాలు కప్పమన్నాడు బాబాయి. రెండు పట్టాలు. నేను ముందు క్యాబిన్ వైపుది పరిచి, దాని మీదకి వచ్చేలా వెనకది పరిచాను. చూడటానికి చక్కగానే ఉంది. హైవే ఎక్కాక ఎదురుగాలి ఆ అంచు కిందకి దూరి పట్టాను లేపింది, వాన లోపలికి పోయింది. పై వరస బస్తాలు తడిశాయి. దింపుడు దగ్గర పార్టీవాళ్లు కిరాయిలో కోశారు. ఎప్పుడైనా సరే వెనక పట్టా ముందు పరచాలి, దాని మీదకి ముందు పట్టా రావాలి. పెంకుటిల్లు నేసేవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, నాకు మాత్రం అంత నష్టం జరిగితేగానీ తెలియలేదు. బాబాయి తిట్టలేదు. ఆ వానలోనే తాళ్లన్నీ విప్పించి మళ్లీ కట్టించాడు.

తాడు కట్టడం కూడా విద్యే. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎత్తితే లోడు ఎత్తుగా పెరుగుతుంది, మలుపుల్లో ఊగుతుంది. అరవై, డెబ్బై కిలోమీటర్లు పోయేసరికి లోడు సర్దుకుని తాళ్లు వదులవుతాయి. అక్కడ ఒకసారి ఆగి మళ్లీ బిగించాలి. ఘాటుకి కళ్లు మండుతుంటాయి, తుమ్ములు ఆగవు. అయినా దిగాల్సిందే.

ఇక స్టీరింగ్. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక బాబాయి ఖాళీ బండి ఇచ్చాడు. ఖాళీ బండే తేలిక అనుకుంటాం. వానలో గట్టిగా బ్రేకు తొక్కితే ఖాళీ బండి వెనక భాగం పక్కకి జారుతుంది. లోడు బండి జారడం తక్కువే గానీ ఆగదు, ఇంకా పోతూనే ఉంటుంది. ఆ రెండింటికీ కాలు వేర్వేరుగా అలవాటు కావాలి. మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల దారిన రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఎడమవైపు క్యాబిన్‌ని ఆనుకుని వచ్చే మోటార్ సైకిల్ మనకి అసలు కనపడదు. క్లీనర్ తలుపు మీద చరిచి "హోల్డాన్" అని అరిస్తే, ఎందుకని అడగకుండా ఆపాలి. ఇప్పుడు చాలామంది ఓనర్లు క్లీనర్‌ని పెట్టడం మానేశారు, ఒక్కడే డ్రైవరు. నాకది నచ్చదు. ఆ మిగిలే జీతం డబ్బులు ఒక్క డెంటుకి సరిపోవు.

గిద్దలూరు నుంచి నంద్యాల పోయే దారిలో నల్లమల ఘాట్ రోడ్డుంది. అనంతపురానికి బియ్యం లోడు తీసుకెళ్తూ అక్కడ దిగేటప్పుడు బాబాయి మొదటిసారి నన్ను సీట్లో కూర్చోబెట్టాడు. "ఎక్కేదానికి ఏ గేరు కావాలో దిగేదానికీ అదే గేరు. మధ్యలో మార్చబాకు" అన్నాడు. నేను వేగం పెరిగినప్పుడల్లా బ్రేకు మీద కాలు పెట్టి తీస్తున్నాను. ఆయన నా కాలు చూడటంలేదు, బ్రేకులకి గాలి ఎంతుందో చూపే మీటరు చూస్తున్నాడు. తొక్కిన ప్రతిసారీ ముల్లు కిందికి దిగుతోంది. అదీగాక డ్రమ్ములు వేడెక్కితే ఆపైన ఎంత తొక్కినా బ్రేకు పట్టదు. ఇంజన్ బ్రేకు వాడుతూ, గేరుతోనే బండిని ఆపుకుంటూ దిగాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసి దిగేవాళ్లు ఉన్నారు. అలాంటి డ్రైవరు బండి ఎక్కే పని మీకు పడితే, ఘాటు ముందే దిగి బస్సు ఎక్కండి.

2018లో నాకు హెవీ వచ్చింది. వేరే ఓనరు దగ్గర చేరాను. కోల్‌కతాకి మిర్చి లోడు. శ్రీకాకుళం దాటకముందే గేర్ బాక్సు పోయింది. ఓనరు ఇంకో లారీ పంపాడు. హమాలీలతో లోడు మార్పించి, నేనే ఆ బండి తీసుకుని బయల్దేరాను. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్లాక చెకింగ్‌లో ఆపారు. ఇన్వాయిస్ ఉంది, సరుకు తీసుకెళ్లడానికి ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు ఉంది, ధీమాగా చూపించాను. బిల్లులో ఉన్నది పాత లారీ నంబరు. లోడు వేరే బండికి మారితే ఈ-వే బిల్లు పార్ట్ బీలో కొత్త నంబరు ఎక్కించాలి, ఆ తర్వాతే బండి కదలాలి. ఆ సంగతి నాకు తెలియదు, ఓనరు ఆఫీసులో ఎవరికీ గుర్తు రాలేదు. ఫోన్ చేసి అప్పటికప్పుడు మార్పించాం గానీ, పట్టుకున్నాక మార్చింది చెల్లదన్నారు. జరిమానా కట్టేదాకా రెండు రాత్రులు రోడ్డు పక్కనే ఉన్నాను. ఆ రెండు రోజుల బత్తా నాకు రాలేదు.

అప్పట్నుంచి బండి తియ్యకముందు కాగితం మీది నంబరును నంబరు ప్లేటుతో పోల్చి చూసుకుంటాను, గడువు తేదీ కూడా చూస్తాను. ఈ-వే బిల్లు గడువు ఇప్పుడు మామూలు లోడుకి 200 కిలోమీటర్లకి ఒక రోజు లెక్క. దారిలో బండి చెడిపోయి గడువు దాటేలా ఉంటే, ముగియడానికి ముందు ఎనిమిది గంటలు, తర్వాత ఎనిమిది గంటలు పొడిగించే వీలుంటుంది. ఆ పని ఆఫీసువాళ్లదే, కానీ చెప్పాల్సింది మనం. అలాగే బండి తూకం వేయించిన కాటా చీటీ లేకుండా కదలకండి. పది టైర్ల బండికి లోడుతో కలిపి 28.5 టన్నులే. ఓవర్‌లోడుకి 20,000 జరిమానా, పైన టన్నుకి 2,000. "నేను చూసుకుంటాలే" అన్న ఓనరు అర్ధరాత్రి ఫోన్ ఎత్తడు.

నిద్ర గురించి చెప్పకపోతే అబద్ధమాడినట్టే. రోజుకి ఎనిమిది గంటలే పని, అయిదు గంటలకోసారి అరగంట విశ్రాంతి అని 1961 నాటి చట్టంలోనే రాశారు. ఆ మాట డాబాలో అంటే నవ్వుతారు. నేను రాజమండ్రి దాటాక ఒకసారి రెప్ప వేశాను, తెరిచేసరికి ఎడమ చక్రం తెల్లగీత అవతల ఉంది. టీ, ముఖం మీద నీళ్లు, పాటలు, కారప్పొడి, అన్నీ చేసి చూశాను. ఏదీ పనిచెయ్యదు. పక్కకి ఆపి ఇరవై నిమిషాలు పడుకుంటే పనిచేస్తుంది. హైవే అంచున కాదు, బంకులోనో డాబా ఆవరణలోనో పెట్టండి. డీజిల్ ట్యాంకుకి తాళం చూసుకుని పడుకోండి.

యాక్సిడెంట్ అయితే పారిపోవాలా అని కొత్తవాళ్లు అడుగుతారు. 2024 జనవరిలో డ్రైవర్లు బండ్లు ఆపింది, యాక్సిడెంట్ చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా శిక్ష అన్న కొత్త సెక్షన్ గురించే. దాన్ని అమలు చెయ్యకుండా ఆపి ఉంచారు. అయినా దెబ్బ తగిలినవాళ్లని ఆసుపత్రికి చేర్చడం, పోలీసులకి చెప్పడం పాత మోటారు వాహనాల చట్టంలోనే మన బాధ్యత. గుంపు మీద పడి కొట్టే పరిస్థితి ఉంటే అక్కడ ఉండక్కర్లేదని ఆ చట్టమే ఒప్పుకుంటుంది. నేరుగా దగ్గర్లోని స్టేషన్‌కి పోవాలి, ఇంటికి కాదు.

ట్రిప్పు లెక్క సొంత పుస్తకంలో రాసుకోండి. తీసుకున్న అడ్వాన్సు, డీజిల్, లోడింగ్ మామూలు, పంచరు, కాటా, అన్నీ ఆ రోజే. ఫాస్టాగ్ వచ్చాక టోల్ గొడవ లేదు గానీ, మిగతావి తర్వాత రాద్దామంటే గుర్తుండవు, ఆ తేడా మన జీతంలోంచే పోతుంది.

సంచిలో రెండు దుప్పట్లు, టార్చి, జ్వరం మాత్రలు, లైసెన్సు జిరాక్సులు నాలుగు పెట్టుకోండి. ఇంట్లో ఓనరు ఫోన్ నంబరు, బండి నంబరు రాసిపెట్టి వెళ్లండి. మా అమ్మ వాటిని గోడ క్యాలెండర్ వెనక రాస్తుంది. ఇప్పటికి అక్కడ నాలుగు బండ్ల నంబర్లున్నాయి, మూడు కొట్టేసి.