ధ్రువాల గడియారంలో నాలుగో ముల్లు

ధ్రువ యాత్రికుల కోసమని చెప్పి అమ్మే చేతిగడియారాల ప్రకటనలు ఎప్పుడు చూసినా మంచు తుఫానునూ, దెబ్బలకు ఓర్చే ఉక్కు కేసునూ చూపిస్తుంటాయి. ఏడాదిగా అలాంటి మెకానికల్ గడియారాన్నే కట్టుకుంటున్న నాకు మాత్రం, అందులో నిజంగా ధ్రువాల కోసం పెట్టినది డయల్ మీది నారింజ రంగు నాలుగో ముల్లే అనిపిస్తుంది.

గంటల ముల్లు రోజుకు రెండు చుట్లు తిరిగితే ఈ ముల్లు ఒక్క చుట్టే తిరిగి, 24 అంకెలు చెక్కిన అంచు మీద సమయాన్ని చూపుతుంది. కిటికీ తీస్తే పగలో రాత్రో తెలిసిపోయే మనకు ఇది అలంకారమే. ధ్రువం వద్ద సూర్యుడు దాదాపు ఆరు నెలల పాటు అస్తమించడు. గుడారంలో నిద్ర లేచినవాడి గడియారం పది చూపిస్తే, అది ఉదయం పదో రాత్రి పదో ఆకాశాన్ని చూసి తేల్చుకోవడం కష్టం. 1971లో ఇలాంటి ముల్లుతో వచ్చిన రోలెక్స్ ఎక్స్‌ప్లోరర్ 2 గడియారం చీకటి గుహల్లో రోజులు గడిపేవారికీ ధ్రువాల్లో తిరిగేవారికీ ఒకేలా పనికిరావడానికి కారణం ఇదే. సోవియట్ రాకెటా గడియారాల్లోనైతే, ధ్రువ యాత్రికుల కోసం గంటల ముల్లే రోజుకు ఒక్క చుట్టు తిరిగేలా చేసిన రకం ఉండేది.

ఈ ముల్లు దిక్కు కూడా చెబుతుంది. అయస్కాంత ధ్రువం దగ్గర్లో దిక్సూచిని నమ్మడానికి లేదు. సూర్యుడు మాత్రం గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతూనే ఉంటాడు, ముల్లూ అంతే వేగంతో జరుగుతుంది. ఉత్తర ధ్రువ ప్రాంతంలో గడియారాన్ని స్థానిక సౌర సమయానికి (అంటే సూర్యుడు సరిగ్గా దక్షిణాన ఉన్నప్పుడు మధ్యాహ్నం 12 అయ్యేలా) సరిచేసి, నేలకు సమాంతరంగా పట్టుకుని, ఆ ముల్లును సూర్యుడి వైపు తిప్పితే, అంచు మీది 12 అంకె దక్షిణాన్ని చూపుతుంది. దక్షిణ ధ్రువం వద్ద సూర్యుడు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాడు గనుక ఈ చిట్కా అక్కడ ఇలాగే పనిచేయదు. (ఈ సంగతి ప్రకటనల్లో నాకెక్కడా కనిపించలేదు.)

ఇక చలి సంగతి. బ్యాటరీ నీరసించే భయం మెకానికల్ గడియారానికి లేదు గానీ, చలికి లోపలి నూనె చిక్కబడుతుంది; అటూ ఇటూ ఊగుతూ గడియారం వేగాన్ని నిలిపే బ్యాలెన్స్ చక్రం ఊపు తగ్గి, సమయం తప్పుతుంది. అందుకే దీన్ని కోటు పైన కాకుండా చర్మానికి ఆనేలా కట్టుకోవడమే మేలు. నేను ఒక రాత్రి పూర్తిగా కీ ఇచ్చి, నా గడియారాన్ని ఫ్రీజర్‌లో పెట్టి చూశాను. తెల్లవారేసరికి 11 సెకన్లు వెనకబడింది. బయటికి తీయగానే అద్దం మీద ఆవిరి పట్టింది, గుండె గుభేలుమంది. లోపల పట్టి ఉంటే తేమను ఆపే సీలు పోయినట్టే. చొక్కా అంచుతో తుడిస్తే పోయింది.