తొమ్మిది రోజుల తేడాతో దక్కిన సౌత్ జోన్

2019 అక్టోబరులో సౌత్ జోన్‌కు, అంటే దక్షిణాది యూనివర్సిటీల మధ్య జరిగే పోటీలకు, మా యూనివర్సిటీ వాలీబాల్ సెలక్షన్స్‌లో నా పేరు వచ్చింది. అప్పుడు నేను పీజీ రెండో ఏడాది. ఆడితే ఇదే ఆఖరు అని తెలుసు కాబట్టి ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. నాలుగు రోజులు తిరక్కుండానే మా పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ ఫోన్ చేశారు. "నీ ఎలిజిబిలిటీ ఫారం వెనక్కి వచ్చిందిరా. టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ పట్టుకుని రా."

యూనివర్సిటీల మధ్య పోటీలకు రూల్స్ పెట్టేది ఏఐయూ, అంటే భారత విశ్వవిద్యాలయాల సంఘం. ఆ విద్యా సంవత్సరం జూలై 1 నాటికి మనకు 17 ఏళ్లు దాటాలి, 25 నిండకూడదు. రెగ్యులర్‌గా చదువుతుండాలి. దూరవిద్య వాళ్లకు, ఫుల్‌టైం ఉద్యోగం చేసేవాళ్లకు కుదరదు. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. డిగ్రీలో చేరడానికి అర్హత ఇచ్చిన పరీక్ష, మనకైతే ఇంటర్, పాసై ఎనిమిదేళ్లు దాటకూడదు.

నా భయమంతా వయసు గురించే. నేను పుట్టింది 1994 జూలై 10న. సార్ టెన్త్ మెమో టేబుల్ మీద పరిచి, వేళ్ల మీద ఒకసారి, క్యాలెండర్ చూసి ఒకసారి లెక్కపెట్టారు. 2019 జూలై 1కి 25 నిండడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. "వయసుతో ఇబ్బంది లేదు. చిక్కు ఇంటర్‌తో" అన్నారు.

ఫారంలో ఇంటర్ పాసైన ఏడాది 2011 అని ఉంది. అదే నిజమైతే 2019 వేసవికే నా ఎనిమిదేళ్లు అయిపోయినట్టు. కాలేజీ ఆఫీసులో ఎవరో ఫైల్లో పైనున్న మెమో చూసి అలా రాసేశారు. అది నేను ఫిజిక్స్ తప్పిన మెమో. 2011 మార్చిలో పోయింది, సప్లిమెంటరీలోనూ పోయింది. ఏడాదంతా ఇంట్లో కూర్చుని చదివి 2012 మార్చిలో గట్టెక్కాను. ఆ ఏడాది సంగతి నేను ఎవరి దగ్గరా ఎత్తేవాణ్ణి కాదు. 2012లో పాసైన మెమోను కూడా కవర్లో అన్నిటికన్నా అడుగున పెట్టేవాణ్ణి. ఆ రోజు దాన్నే తీసి సార్ చేతిలో పెట్టాను. మడతల దగ్గర కాగితం చిరిగింది గానీ 'మార్చి 2012' అన్నది చెక్కుచెదరలేదు. రూల్ చూసేది మొదటిసారి ఎప్పుడు రాశామని కాదు, ఎప్పుడు పాసయ్యామని. ఫిజిక్స్ ఒకేసారి పాసై ఉంటే నేను ఆ ఏడాది టీమ్‌లో ఉండేవాణ్ణి కాదు.

తర్వాత రెండు రోజులు తిరుగుడే. కొత్త ఫారం, బోనఫైడ్, ఫీజు రసీదు, ప్రిన్సిపాల్ సంతకం. పీజీకి ముందు మూడేళ్లు ఉద్యోగం చేశాను కాబట్టి మానేసినట్టు కాగితం కూడా అడిగారు. మూడో రోజు సాయంత్రానికి ఓకే అయింది.

ఈ రూల్స్ మీద నాకు కోపం లేదు. ఇవి లేకపోతే ఏటా ఏదో ఒక కోర్సులో చేరుతూ పదేళ్లు ఆడేవాళ్లే టీమ్ నిండా ఉంటారు. అప్పుడే ఇంటర్ దాటి వచ్చిన పిల్లాడికి జెర్సీ ఎప్పుడు అందుతుంది? కానీ ఈ లెక్క అడ్మిషన్ రోజునే చెప్పేవాళ్లు ఉండాలి. మా బ్లాకర్ (నెట్ దగ్గర అవతలివాళ్ల స్మాష్‌ను అడ్డుకునేవాడు) ఒకడు నాకంటే ఎంతో బాగా ఆడతాడు. వాడు పుట్టింది 1994 ఆగస్టులో. బళ్లో వేసేటప్పుడు జూన్ అని రాయించారు. సర్టిఫికెట్‌లో ఉన్నదే లెక్క. పీజీ మొదటి ఏడాది పరీక్షలున్నాయని, "వచ్చే ఏడాది ఆడదాంలే" అని సెలక్షన్స్‌కు రాలేదు. ఆ వచ్చే ఏడాది వాడికి లేదని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు.

సౌత్ జోన్‌కు బయలుదేరే రోజు వాడు గ్రౌండ్‌కు వచ్చాడు. గంటసేపు నేను బాల్ లేపుతుంటే స్మాష్ కొడుతూనే ఉన్నాడు. జెర్సీలు పంచుతున్నారని పిలిచేసరికి మాత్రం చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.