వలిసె చేల గట్ల మీద తెల్లపూలు

నవంబరు చివర్లో పిన్నీ నేనూ విశాఖపట్నంలో కిరండూల్ రైలెక్కి అరకు వెళ్లాం. కొండవాలు పొడవునా నూనెగింజల పంటైన వలిసె చేలు విరగబూసి ఉన్నాయి. జనం ఆ పసుపు నడుమ నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నాకు మాత్రం గట్ల మీద పెరిగే దాని చుట్టాలను చూడాలని ఆశ.

ముందు వలిసె పువ్వునే కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాను. అంచున ఎనిమిది పసుపు రేకులు, ఒక్కో రేకు కొసన చిన్న నొక్కులు. నిజానికి అవి రేకులు కావు, ఒక్కొక్కటీ ఒక్కో పువ్వు. నడిమి దిండులో గొట్టాల్లాంటి బుల్లి పూలు కిక్కిరిసి ఉంటాయి. చామంతి కుటుంబంలో చాలా మొక్కలకు ఇదే పోలిక. అందుకే పై రూపం చూసి పేరు పెట్టబోతే తడబాటు తప్పదు.

పిన్నికి కావలసింది తలనూనెలోకి గుంటగలగర. ఎండిన గట్టు మీద తెల్లపూలు కనిపించగానే వంగింది.

“ఇదిగో, కావలసినంత ఉంది!”

“ఆగు పిన్నీ, అది గడ్డి చామంతి. కాడ చూడు.”

జానెడు పొడవున్న నూగు కాడ, దాని కొసన ఒకే ఒక్క పువ్వు. నడుమ పసుపు, చుట్టూ అయిదు వెలిసిన తెల్లరేకులు, ప్రతి రేకుకూ మూడు పళ్లు. ఆకు అంచులు లోతుగా కోసుకుపోయి ఉన్నాయి. ముదిరిన పువ్వును ఊదితే గింజలు దూదిపింజల్లా ఎగిరాయి. చిన్నప్పుడు దెబ్బ తగిలితే పసరు పిండుకున్న గాయపాకు ఇదే. మంచి మొక్కే, కానీ పిన్ని వెతికేది ఇది కాదు.

గుంటగలగరకు తడి కావాలి. వరి కోసిన మడి పక్కన, నీరు జారే చోట దొరికింది. దీని పువ్వు చాలా చిన్నది, నడుమ కూడా తెలుపే. చుట్టూ దారాల్లాంటి సన్నని తెల్లరేకులు లెక్కలేనన్ని. ఆకులు సన్నగా, గరుకుగా, తొడిమ లేకుండా ఎదురెదురుగా కాండానికి అతుక్కుని ఉన్నాయి. గింజలకు పింజ లేదు. అన్నిటికంటే నమ్మకమైన గుర్తు పసరు. కాండం తుంచి అరచేతిలో నలిపాను. ఆకుపచ్చగా ఉన్న తడి కాసేపటికి నల్లబడింది. పిన్ని తన చేతిలోనూ నలిపి చూసుకుని గానీ ఒప్పుకోలేదు. తలకు రాసుకునేది కాబట్టి ఆ పట్టుదల నాకు నచ్చింది. అంగట్లో కట్టలు కొనేవాళ్లందరూ ఇలా ఒక కాండం తుంచి చూడాలి.

తిరుగుదారిలో పిన్ని చీర కుచ్చిళ్లకు నల్లటి సూదిగింజలు గుచ్చుకున్నాయి. అవి బైడెన్స్ అనే కలుపుమొక్క గింజలు. కొసన రెండు మూడు ముళ్లుంటాయి, వాటికి వెనక్కి తిరిగిన కొక్కేలు. ఈ మొక్క పువ్వుకూ నడుమ పసుపే, కానీ ఒక్కో ఆకు చాలావరకు మూడు ఆకులుగా చీలి ఉంటుంది. పక్కనే ఊదారంగు పూల అజెరాటం మొక్క. దానికి అంచు రేకులే లేవు, పూలన్నీ గొట్టాలే. స్టేషన్ దగ్గర వయ్యారిభామ గుబురుగా ఉంది. క్యారెట్ ఆకులాంటి ఆకు, మెతుకంత తెల్లపూలు. దాన్ని ముట్టుకోనివ్వలేదు, చర్మానికి దురద పుట్టిస్తుంది.

“మరి పసుపు గుంటగలగర?” అంది పిన్ని రైల్లో.

అదీ తడినేల మొక్కే, పువ్వు పసుపు. అయితే తోటల్లో నేలంతా పరుచుకునే అమెరికా జాతి తీగ ఒకటి అచ్చం దానిలాగే పూస్తుంది. ఆ తీగ ఆకు నిగనిగలాడుతూ, పక్కలకు రెండు కొమ్ములు పొడుచుకొచ్చి మూడు మొనలుగా ఉంటుంది. పసుపు గుంటగలగర ఆకు సన్నగా, గరుకుగా, కొమ్ములు లేకుండా ఉంటుంది. ఈసారి గోదావరి కాలువ గట్ల మీద ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని అనుకున్నాం.