కీలు మార్పిడి తర్వాత కాలిలో గడ్డలు: నర్సు చేతిలో ఉన్న పని

తుంటి, మోకాలి కీలు మార్చిన పేషెంటుకు రక్తం గడ్డకట్టే పరిస్థితులన్నీ ఒకేసారి ఎదురవుతాయి. కాలు కదలక సిరల్లో రక్తం మందగిస్తుంది, ఆపరేషన్‌లో నాళాలు దెబ్బతింటాయి, రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది. మందు రాసేది డాక్టరే. అది పనిచేసేలా చూసేది మాత్రం వార్డు.

అన్నిటికంటే ఎక్కువగా లోపం జరిగేది పిక్కలకు చుట్టి గాలితో నొక్కే పంపు స్లీవ్‌ల దగ్గరే. అవి రోజుకు కనీసం 18 గంటలు నడవాలి. ఫిజియోథెరపీకో బాత్‌రూమ్‌కో విప్పుతారు, మంచమెక్కాక మళ్లీ తొడగరు. షిఫ్టు మారేటప్పుడు మిషన్ లైటు చూసి సరిపెట్టుకోకండి, దుప్పటి తీసి చూడండి. స్లీవ్ కాలికే ఉందా? గొట్టం మంచం రైలు కింద నలుగుతోందా? లోపల రెండు వేళ్లు దూరుతున్నాయా? గడ్డ ఉందని అనుమానమున్న కాలికి స్లీవ్ పెట్టకూడదు. బిగుతు మేజోళ్లయితే పై అంచు మడతపడకూడదు, అక్కడే రక్తం ఆగిపోతుంది.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ ఎనాక్సాపరిన్ సాధారణంగా రోజుకు 40 మి.గ్రా. నింపి వచ్చే సిరంజిలోని గాలి బుడగను బయటికి తోయకండి, దాంతోపాటు మందూ పోతుంది. బొడ్డుకు 5 సెం.మీ. దూరంలో చర్మాన్ని మడతపట్టి సూదిని నిలువుగా పూర్తిగా దించాలి. మందంతా వెళ్లేదాకా మడత వదలొద్దు. తర్వాత రుద్దితే కమిలిపోతుంది. రోజూ పొట్టకు కుడివైపు, ఎడమవైపు మార్చి ఇవ్వాలి. కిడ్నీలు సరిగా పనిచేయనివారికి మోతాదు తగ్గించాల్సి రావచ్చు, డోసుకు ముందే అడగండి. మందు మొదలుపెట్టిన 5 నుంచి 10 రోజుల మధ్య ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతే తర్వాతి డోసు ఇవ్వకుండా వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

ఎపిడ్యూరల్ గొట్టం (నొప్పి మందు కోసం వెన్నులో పెట్టేది) ఉంటే, ఎనాక్సాపరిన్ చివరి డోసు ఇచ్చి 12 గంటలు దాటాకే తీయాలి. తీసిన 4 గంటలలోపు మళ్లీ ఇవ్వకూడదు. ఆ తర్వాత కాళ్లలో కొత్తగా బలం తగ్గినా, మూత్రం ఆగినా తెల్లారేదాకా ఆగొద్దు. వెన్ను దగ్గర రక్తం చేరి నరాలను నొక్కుతూ ఉండొచ్చు.

మెలకువగా ఉన్నంతసేపు గంటకు 10 సార్లు చీలమండ దగ్గర పాదాన్ని పైకీ కిందికీ ఆడించమనండి. మోకాలి కింద దిండు పెడితే హాయిగా ఉంటుందని పేషెంట్లు అడుగుతారు. పెట్టొద్దు, వెనుకనున్న సిర నొక్కుకుపోతుంది.

మోకాలి ఆపరేషన్ తర్వాత కాలు ఎలాగూ వాస్తుంది. అందుకే మోకాలి చిప్ప కింది ఎముక గుబ్బకు 10 సెం.మీ. దిగువన పెన్నుతో గుర్తు పెట్టి, రెండు కాళ్లనూ అక్కడే రోజూ కొలవండి. తేడా 3 సెం.మీ. దాటినా, రోజురోజుకూ పెరుగుతున్నా డాక్టర్‌కు చెప్పాలి. పాదం పైకి వంచితే పిక్క నొప్పి రాలేదు కదా అని ధీమా పడొద్దు, ఆ పరీక్షను నమ్మలేం. నొప్పి ఉన్న పిక్కను ఎవరూ మర్దన చేయకూడదు. హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి, గుండె దడ, ఆక్సిజన్ పడిపోవడం కనిపిస్తే గడ్డ ఊపిరితిత్తులకు చేరిందనే అనుకోండి. లేపి కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టి, అత్యవసరంగా డాక్టర్‌ను పిలవండి.

గడ్డలు చాలాసార్లు ఇంటికెళ్లాకే వస్తాయి. తుంటికి మందు దాదాపు 35 రోజులు, మోకాలికి సాధారణంగా 10 నుంచి 14 రోజులు సాగుతుంది. ఇంజెక్షనైతే డిశ్చార్జికి ముందు ఇంట్లోవాళ్ల చేత ఒకసారి మీ ఎదుటే చేయించండి. ఆఖరి డోసు తేదీని చీటీలో రోజుల లెక్కగా కాక, తేదీగానే రాసివ్వండి.